లైన్ ఆపే హక్కు ఎవరికుంది?

తిరుపతి చుట్టుపక్కల ఐటీఐనో డిప్లొమానో ఇంజినీరింగో పూర్తిచేసిన పిల్లలున్న ఏ ఇంటికెళ్లినా ఈమధ్య ఒకటే ఆరా. "ఆ కంపెనీ మంచిదేనా సార్?" శ్రీసిటీలో ఇసుజు ఉంది, డైకిన్ ఉంది, మెట్రో బోగీలు చేసే ఆల్‌స్టామ్ ఉంది. కోల్గేట్, కెలాగ్స్, క్యాడ్‌బరీ చాక్లెట్ల మాండలీజ్ ఉన్నాయి. ఫోన్లు బిగించే ఫాక్స్‌కాన్ ఉంది. సత్యవేడు పక్కన హీరో బండ్లు, చిన్నపండూరులో అపోలో టైర్లు, తడ దగ్గర అడిడాస్ బూట్లు కుట్టే అపాచీ. పేర్లన్నీ పెద్దవే. అడిగినవాళ్లకు దొరికే జవాబులు మాత్రం జీతం, బస్సు, క్యాంటీన్, పర్మినెంట్ చేస్తారా లేదా అన్న నాలుగింటి చుట్టూనే తిరుగుతాయి.

అవేమీ తీసిపారేసే సంగతులు కావు. ఫస్ట్ షిఫ్ట్ కోసం శ్రీకాళహస్తిలో తెల్లవారకముందే రోడ్డు మీద నిలబడే అమ్మాయికి బస్సు టైముకు రావడం చాలా పెద్ద విషయం. కానీ పదీ ఇరవై దేశాల్లో ఫ్యాక్టరీలున్న కంపెనీ నిజంగా బాగా నడుస్తోందా, పేరు మీద నెట్టుకొస్తోందా అని తేల్చుకోవాలంటే ఇంకాస్త లోపలికి వెళ్లాలి. మేనేజ్‌మెంట్ చదువుల్లో దీనికి హై పెర్ఫార్మింగ్ ఆర్గనైజేషన్ అని పేరు. ఆ పేరు చుట్టూ ఊదర చాలా ఉంది. నా లెక్కలో దీని మూలం ఒక్కచోటే ఉంది: తప్పును కళ్లారా చూసే మనిషికీ, దాన్ని సరిచేయగలిగే మనిషికీ మధ్య ఎంత దూరం ఉంది, ఆ దూరం దాటడానికి భయపడాలా అక్కర్లేదా అన్న చోట.

లాభం చూసి చెప్పలేం

లాభాలొచ్చిన ఏడాది ఏ కంపెనీ అయినా తెలివిగానే కనబడుతుంది. ఆ ఏడు బాస్ గట్టిగా మాట్లాడితే క్రమశిక్షణ అంటారు. నష్టం వచ్చిన ఏడు అదే బాస్‌ను పట్టుకుని నియంత అంటారు. జనరల్ ఎలక్ట్రిక్ సంగతే చూడండి. 1981 నుంచి 2001 దాకా జాక్ వెల్చ్ దాన్ని నడిపినప్పుడు ప్రపంచంలోని బిజినెస్ స్కూళ్లన్నీ ఆ కంపెనీని గుడిలా చూశాయి. ఏటా అట్టడుగున నిలిచిన పది శాతం ఉద్యోగుల్ని తీసేసే పద్ధతిని సైతం పాఠంగా చెప్పారు. 1907 నుంచి తెంపు లేకుండా డౌ జోన్స్ అనే అమెరికా షేర్ల సూచీలో ఉన్న ఆ సంస్థ 2018లో అందులోంచి బయటికొచ్చింది. 2024కల్లా మూడు ముక్కలైంది. పాఠం చెప్పినవాళ్లెవరూ ఆ పాత నోట్సు వెనక్కి తీసుకున్నట్టు లేదు.

అందుకే ఈ రంగంలో శ్రద్ధగా పనిచేసినవాళ్లు గడువు పెంచి చూస్తారు. నెదర్లాండ్స్‌కు చెందిన ఆండ్రే డి వాల్ అనే పరిశోధకుడి నిర్వచనం ప్రకారం కనీసం ఐదు నుంచి పదేళ్లపాటు, డబ్బు లెక్కల్లోనే కాక మిగతా విషయాల్లోనూ, తోటి కంపెనీల కంటే మెరుగ్గా ఉన్నదే అలాంటి సంస్థ. మేనేజర్ల నాణ్యత, దాపరికం లేకపోవడం, దూరదృష్టి, ఆగని మెరుగుదల, ఉద్యోగుల నాణ్యత అని ఐదు లక్షణాలు కూడా ఆయన తేల్చాడు. జాబితాలో తప్పు పట్టడానికేమీ లేదు. కాకపోతే రాత్రి రెండు గంటలకు థర్డ్ షిఫ్టులో మెషిన్ ముందు నిలబడ్డవాడికి ఇందులో పట్టుకోవడానికి పిడి దొరకదు. వాడికి అందేది ఒక అంకె.

85, 85, 95 అంటే ఎంత?

ఫ్యాక్టరీల్లో ఓఈఈ (ఓవరాల్ ఎక్విప్‌మెంట్ ఎఫెక్టివ్‌నెస్) అనే మాట రోజూ వినబడుతుంది. మెషిన్ నడవాల్సిన టైములో ఎంతసేపు నడిచింది, నడిచినప్పుడు ఎంత వేగంగా నడిచింది, చేసినవాటిలో ఎన్ని మంచివి అన్న మూడు శాతాల్ని గుణిస్తే వచ్చేదే అది.

ఎనిమిది గంటల షిఫ్ట్ అంటే 480 నిమిషాలు. భోజనం, టీ, మీటింగుకు 60 పోతే 420. అచ్చు మార్చడం, బ్రేక్‌డౌన్, మెటీరియల్ రాక ఆగడం అన్నీ కలిసి 63 నిమిషాలు తిన్నాయనుకుందాం. మిగిలింది 357, అంటే 85 శాతం. అరనిమిషానికో ముక్క లెక్కన 714 రావాలి, వచ్చినవి 607. ఇదీ 85 శాతమే. అందులో మంచివి 577, అంటే 95 శాతం. మూడింటికీ ఫస్ట్ క్లాస్ మార్కులే. గుణించి చూస్తే 69 శాతం కూడా నిండదు. అంటే దాదాపు మూడోవంతు ఫ్యాక్టరీ కరెంటు బిల్లు కడుతూ ఖాళీగా కూర్చున్నట్టు. ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన జపాన్ ఇంజినీర్ సెయిచి నకజిమ ప్రపంచ స్థాయి ఫ్యాక్టరీకి 85 శాతాన్ని గీటురాయిగా పెట్టాడు.

ఇక్కడిదాకా ఎవరైనా చెబుతారు. పనిచేసినవాళ్లకు తెలిసిన రెండో సగం ఒకటుంది. ఈ అంకెను పెంచడానికి మెషిన్‌ను ముట్టుకోవాల్సిన పనే లేదు. బ్రేక్‌డౌన్‌ను "ముందే అనుకున్న మెయింటెనెన్స్" అని రాస్తే 420 కాస్తా 400 అవుతుంది, ఆగిన ఆ 20 నిమిషాలు లెక్కలోకే రావు. అరనిమిషం పట్టే ముక్కకు 36 సెకన్లు అని కాగితం మీద పెట్టుకుంటే వేగం నూటికి నూరు. రీవర్క్ చేసినవాటినీ, అంటే తప్పొచ్చి మళ్లీ సరిచేసినవాటినీ, మొదటిసారే మంచిగా వచ్చినట్టు కలిపేస్తే నాణ్యత మెరుస్తుంది. ఇవన్నీ ఎక్కడో విన్నవి కావు. నేను క్వాలిటీలో పనిచేసిన ఒక ఫ్యాక్టరీలో నెలాఖరు వచ్చిందంటే రిజెక్టయిన ముక్కలు బెంచి కింద అట్టపెట్టెల్లోకి చేరేవి. ఒకటో తేదీ దాటగానే బయటికొచ్చేవి. గ్రాఫులో ప్రతి నెల మొదటి వారం ఒంటె మూపురంలా లేచేది. పైవాళ్లు దాన్ని చూసి, జీతం పడ్డ ఊపులో మనవాళ్లు పని మీద మనసు పెట్టరని తీర్మానించారు. దాని మీద ఒక ట్రైనింగ్ కూడా పెట్టారు.

ఆ ఫ్యాక్టరీలో సాఫ్ట్‌వేర్‌కు లోటు లేదు. గోడమీద టీవీ ఉంది, అందులో రంగురంగుల డ్యాష్‌బోర్డు ఉంది. ఉన్న నిజం చెబితే తిట్లు పడతాయన్న భయం కూడా ఉంది. అది ఉన్నంతకాలం ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ పెట్టినా అబద్ధాన్ని ఇంకా త్వరగా హెడ్డాఫీసుకు పంపడానికే పనికొస్తుంది.

అదే మనుషులు, అదే షెడ్డు

దీనికి చరిత్రలో దొరికే అతి గట్టి రుజువు అమెరికాలో ఉంది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్‌కు ఒక కార్ల ఫ్యాక్టరీ ఉండేది. ఆ కంపెనీ ఫ్యాక్టరీలన్నిటిలోకీ దానికి అప్రతిష్ఠ ఎక్కువ. అయిదుగురిలో ఒకరు పనికే వచ్చేవారు కాదు. సోమవారాలు అసెంబ్లీ లైన్ మొదలుపెట్టడానికి సరిపడా మనుషులు లేక ఇబ్బంది పడ్డ రోజులున్నాయి. డ్యూటీలో తాగడం మామూలే. కోపంతో కార్లను పాడుచేసిన సంఘటనలూ ఉన్నాయి. 1982లో దాన్ని మూసేశారు.

1984లో టొయోటా, జనరల్ మోటార్స్ కలిసి నమ్మి (NUMMI) అనే పేరుతో అదే షెడ్డును తిరిగి తెరిచాయి. నడిపే బాధ్యత టొయోటాది. చిత్రమేమిటంటే అదే యూనియన్, పనివాళ్లలో చాలామంది అదే పాతవాళ్లు. వందల మందిని జపాన్‌లోని తకావొక ఫ్యాక్టరీకి పంపి అక్కడివాళ్ల పక్కన నిలబెట్టి పని నేర్పించారు. కొద్దికాలానికే ఆ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కార్లు నాణ్యతలో జపాన్ కార్లకు దగ్గరగా వచ్చాయి. గైర్హాజరు రెండు మూడు శాతానికి పడిపోయింది.

ఏం మారింది? మెషిన్లు మారాయి కొంత, అంతకంటే పెద్ద మార్పు లైన్ పొడవునా వేలాడే తాడు. పాత ఫ్యాక్టరీలో లైన్ ఆపడమంటే ఉద్యోగం పోగొట్టుకోవడమే. తలుపు సరిగా కూర్చోకపోయినా, ఇంజిన్ తిరగేసి బిగించినా బండి ముందుకు సాగాల్సిందే, చివర్లో యార్డులో సరిచేసుకోవాలి. కొత్త పద్ధతిలో తేడా కనబడితే తాడు లాగాలి. లాగగానే దీపం వెలుగుతుంది, పాట మోగుతుంది, టీమ్ లీడర్ పరిగెత్తుకొస్తాడు. బండి ఆ మనిషి హద్దు దాటేలోపు సర్దుకుంటే సరే, లేదంటే లైన్ ఆగుతుంది. దీని వెనక ఆలోచన కార్లకంటే పాతది. టొయోటా వంశ మూలపురుషుడు సకిచి టొయోడా 1924లో తెచ్చిన మగ్గం దారం తెగిన మరుక్షణం తనంతట తానే ఆగిపోయేది. పాడైన బట్ట గజాల కొద్దీ నేసుకుంటూ పోయే అవకాశమే లేదు.

జనరల్ మోటార్స్ వాళ్లు ఇదంతా దగ్గరుండి చూశారు. ఫొటోలు తీసుకున్నారు. కాలిఫోర్నియాలోనే వాన్ నైస్ అనే తమ ఇంకో ఫ్యాక్టరీలో తాళ్లు కూడా కట్టారు. అక్కడ పనివాడు తాడు లాగితే సూపర్‌వైజర్ వచ్చి అరిచేవాడు. ఎందుకంటే సూపర్‌వైజర్ జీతం, బోనస్ ఎన్ని కార్లు బయటికెళ్లాయన్నదాని మీదే ఉండేది. తాడు ఉంది, దాని వెనక ఉండాల్సిన ఒప్పందం లేదు. వాన్ నైస్ మూతపడింది. 2009లో జనరల్ మోటార్స్ దివాలా పిటిషన్ వేసింది. 2010లో నమ్మి ఫ్యాక్టరీని కూడా మూసేశారు. ఆ షెడ్డులో ఇప్పుడు టెస్లా కార్లు తయారవుతున్నాయి.

మన దగ్గర తాడు బదులు ఎక్కువగా బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే ఏం జరుగుతుందో వినాలంటే పక్కన నిలబడితే చాలు. ఒక చోట లైన్ లీడర్ దూరం నుంచే "ఏం మా, మళ్లీ ఆపినావా? టార్గెట్ ఎవరు ఇస్తారు?" అంటాడు. ఇంకోచోట దగ్గరికొచ్చి, వంగి చూసి, "ఏ స్క్రూ మా? పొద్దున్నుంచీ ఇట్లే ఉందా, ఇప్పుడే మొదలైందా?" అంటాడు. "పది ముక్కల నుంచి ఇట్లే వస్తాందన్నా, కొత్త పెట్టె విప్పినప్పటి నుంచి" అని ఆ అమ్మాయి చెప్పిందంటే సగం దర్యాప్తు అక్కడే అయిపోయింది. స్క్రూల లాట్ మారింది. మొదటి లీడర్ దగ్గర ఈ సమాచారం కస్టమర్ ఫిర్యాదు రూపంలో మూడు నెలల తర్వాత వస్తుంది. అప్పుడు దానికోసం విమానం ఎక్కి ఇంజినీర్లు దిగుతారు.

షిఫ్ట్ మారేటప్పుడు రాసే హ్యాండోవర్ రిజిస్టర్ కూడా అలాంటిదే. నేను తిరగేసినవాటిలో చాలా పేజీల్లో రెండే మాటలు: ఆల్ ఓకే. ఫ్యాక్టరీలో ఏ షిఫ్టూ పూర్తిగా ఓకేగా ఉండదు. "మూడో స్టేషన్‌లో టార్క్ గన్ రెండుసార్లు తక్కువ చూపించింది. మార్చాం. అంతకుముందు బిగించిన 40 ముక్కలు ట్యాగ్ కట్టి పక్కన పెట్టాం, చెక్ చేయాలి" అని రాసి ఉన్న పేజీ కనబడితే ఆ ఫ్యాక్టరీ మీద నాకు గురి కుదురుతుంది.

దిట్టం

తప్పు కనబడాలంటే ముందు ఒప్పేమిటో రాసి ఉండాలి కదా. తిరుమల లడ్డూకు దిట్టం ఉన్నట్టే దీన్ని అర్థం చేసుకోవచ్చు. 5,100 లడ్డూలకు శనగపిండి ఇంత, నెయ్యి ఇంత, చక్కెర ఇంత అని 1950లో ఖరారు చేశారు, తర్వాత మార్చారు కూడా. ఎవరి చేతివాటం వాళ్లది అనుకుంటే ఇవాళ్టి లడ్డూకూ రేపటి లడ్డూకూ పొంతన ఉండదు. ఫ్యాక్టరీలో స్టాండర్డ్ వర్క్ అనేది అదే. ఏ స్క్రూ ముందు, ఎంత బిగువు, ఎన్ని సెకన్లు.

దీనిమీద చదువుకున్నవాళ్లకో అపోహ ఉంది. పద్ధతి బిగిస్తే మనిషి మరమనిషి అయిపోతాడని. పద్ధతిని ఎవరు రాశారన్నదాన్ని బట్టి ఉంటుంది. హెడ్డాఫీసులో రాసి, ఇంగ్లిష్‌లో ప్రింటు తీసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి తగిలిస్తే ఆడిట్ రోజు తప్ప దాన్ని ఎవరూ చూడరు. మన ప్రాంతంలో ఇది మరీ కనబడుతుంది. లైన్ మీద సూళ్లూరుపేట అమ్మాయి, గుమ్మిడిపూండి అబ్బాయి పక్కపక్కన ఉంటారు. ఒకరిది తెలుగు, ఒకరిది తమిళం. ఇంజినీర్ ఇంగ్లిష్‌లో రాస్తాడు. విదేశం నుంచి వచ్చిన ఎక్స్‌పర్ట్ వాళ్ల భాషలో చెబితే దుబాసీ సగం చెబుతాడు. ఫొటోలు పెట్టి తెలుగులో, తమిళంలో రాసిన కాగితం, అందులో ఆపరేటర్ పెన్నుతో దిద్దిన గుర్తులు, కింద సంతకం, ఈ ఏడాది తేదీ. ఇవి ఉన్నాయంటే ఆ పద్ధతి నడుస్తోంది. తేదీ నాలుగేళ్ల కిందటిదైతే ఆ పద్ధతి గోడకే అంకితం.

ఇంత తెలిసిన విషయం ఎందుకు చేయరు అనే ప్రశ్నకు మన దేశంలోనే ఒక మంచి జవాబు దొరికింది. నికొలస్ బ్లూమ్, తదితర ఆర్థికవేత్తలు ముంబై దగ్గరి బట్టల మిల్లుల్లో ప్రయోగం చేసి 2013లో ఫలితాలు ప్రచురించారు. కొన్ని మిల్లులకు పెద్ద కన్సల్టింగ్ కంపెనీతో ఉచితంగా సలహాలిప్పించారు. చెప్పినవన్నీ మామూలు పనులే: నూలు స్టాకు రాసిపెట్టడం, బ్రేక్‌డౌన్లు నమోదు చేయడం, నేల ఊడ్చడం, రోజూ మీటింగ్ పెట్టి నిన్నటి లోపాలు చూడడం లాంటి 38 పద్ధతులు. మొదటి ఏడాదే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. అంతకుముందు ఎందుకు చేయలేదంటే కొందరికి తెలియదు, తెలిసిన కొందరు నమ్మలేదు. ఇంకో కారణం మనకు బాగా ఎరుకైనదే. బయటి మేనేజర్‌ను నమ్మి తాళాలు అప్పగించడానికి యజమానులకు మనసొప్పలేదు, అందుకని ఇంట్లో ఎంతమంది మగపిల్లలుంటే వ్యాపారం అంతవరకే పెరిగింది. కొన్నేళ్ల తర్వాత మళ్లీ వెళ్లి చూస్తే ఆ పద్ధతుల్లో సగం దాకా వదిలేశారు. మేనేజర్ మారాడు, యజమానికి తీరిక లేదు, అంతే. మంచి పద్ధతి పెట్టడం కంటే దాన్ని ఏళ్లకేళ్లు నిలబెట్టడమే కష్టం. బహుళజాతి కంపెనీ బలమంతా ఇక్కడుండాలి. మేనేజర్ బదిలీ అయినా దిట్టం బదిలీ కాకూడదు.

దెబ్బ తగిలితే ఫోన్ ఎవరికి?

అల్యూమినియం కంపెనీ అల్కోవాకు 1987లో పాల్ ఓనీల్ అధిపతి అయ్యాడు. పెట్టుబడిదారుల ముందు తొలి ప్రసంగంలో లాభాల ఊసెత్తకుండా, పనివాళ్లకు దెబ్బలు తగలకుండా చూడడమే నా మొదటి పని అన్నాడు. విన్నవాళ్లలో కొందరు కంగారుపడి షేర్లు అమ్మేయమని తమవాళ్లకు చెప్పారు. ఏ దేశంలో ఏ ఫ్యాక్టరీలో ఎవరికి దెబ్బ తగిలినా 24 గంటల్లో ఆ సంగతి, మళ్లీ జరగకుండా ఏం చేస్తారో ఆ ప్రణాళికతో సహా తన దాకా రావాలని రూలు పెట్టాడు. అది రావాలంటే షిఫ్ట్ సూపర్‌వైజర్ అదే పూట ప్లాంట్ మేనేజర్‌కు చెప్పాలి, ఆయన వైస్ ప్రెసిడెంట్‌కు చెప్పాలి. దెబ్బల కోసం తవ్విన ఆ కాలవలోంచే మిగతా చెడ్డ వార్తలూ పైకి పారడం మొదలైంది, వాటితో పాటు కింది నుంచి మంచి ఆలోచనలూ. దెబ్బ తగిలి పని దినం పోగొట్టుకున్న కేసులు నూరు మంది పనివాళ్లకు 1.86 నుంచి 0.2కు దిగాయి. కంపెనీ విలువ ఎన్నో రెట్లు పెరిగింది.

మన ఫ్యాక్టరీల్లో "287 రోజులుగా ప్రమాదం లేదు" లాంటి బోర్డు గేటు దగ్గర ఉంటుంది. ఆ అంకెను కాపాడడానికి వేలు తెగినవాణ్ని కంపెనీ అంబులెన్సులో కాకుండా ఎవరిదో బైకు మీద ఆస్పత్రికి పంపితే ఆ బోర్డు ఎవరికి ఉపయోగం?

గోడ బయట

పెద్ద కంపెనీ పనితీరులో సగం దాని గోడ బయటే ఉంటుంది, సప్లయర్ల దగ్గర. 1997 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున జపాన్‌లో ఐసిన్ అనే కంపెనీ ఫ్యాక్టరీ తగలబడింది. టొయోటా బ్రేకుల్లో వాడే చిన్న వాల్వు దాదాపు అంతా అక్కడే తయారయ్యేది. టొయోటా దగ్గర స్టాకు గంటల లెక్కన ఉంది. జపాన్‌లోని దాని ఫ్యాక్టరీలు వరసగా ఆగిపోయాయి. వారాలు పడుతుందనుకున్నారు. వారం తిరిగేసరికి మళ్లీ కార్లు వస్తున్నాయి. ఐసిన్ డ్రాయింగులు అడిగినవాళ్లకల్లా ఇచ్చేసింది. పదుల కొద్దీ కంపెనీలు తమ పని పక్కనపెట్టి ఆ వాల్వులు చెక్కాయి. అంతకుముందు కార్ల భాగాలు చేయని కుట్టుమిషన్ల కంపెనీ బ్రదర్ కూడా అందులో ఉంది. ధర ఎంత, నష్టం ఎవరిది అన్న బేరాలు ముందు ఎవరూ పెట్టుకోలేదు.

అంత స్టాకు తక్కువ పెట్టుకోవడం తెలివా, ఒక్కరి మీదే ఆధారపడడం తెలివా అని అడగొచ్చు, అడగాలి కూడా. కానీ పదేళ్లుగా పేమెంట్లు నెలల తరబడి ఆపి, ఏటా ధర తగ్గించమని మెడమీద కూర్చున్న కంపెనీకి ఇలాంటి రోజు వస్తే ఆ సప్లయర్లు ఫోన్ ఎత్తుతారా అన్నది ఇంకో ప్రశ్న.

ఎక్కడ పడిపోతారు

టొయోటాను ఇంత పొగిడాక దాని ఇంట్లో జరిగింది కూడా చెప్పాలి. 2009-10లో లక్షల కార్లు వెనక్కి పిలిపించాల్సి వచ్చింది. కంపెనీ అప్పటి అధ్యక్షుడు అకియో టొయోడా అమెరికా కాంగ్రెస్ ముందు నిలబడి, మనుషుల్ని తయారుచేసుకోగలిగినదానికంటే వేగంగా మేం పెరిగాం అన్న అర్థంలో ఒప్పుకున్నాడు. ఆ వ్యవహారంలో కొనుగోలుదారుల్ని తప్పుదోవ పట్టించినందుకు 2014లో 120 కోట్ల డాలర్లు కట్టింది. 2023లో ఇంకా పెద్ద దెబ్బ. దాని అనుబంధ సంస్థ డైహట్సు భద్రతా పరీక్షల్లో ఏళ్ల తరబడి మోసం చేసిందని, వాటిలో కొన్ని 1989 నాటివని స్వతంత్ర కమిటీ తేల్చింది. కారణం? కొత్త కారు తేవడానికి పెట్టిన గడువు మరీ ఇరుకు, "ఇది మావల్ల కాదు" అని చెప్పే దారి కింది ఉద్యోగులకు లేదు. లైన్ మీద తాడు కట్టిన కుటుంబంలోనే డిజైన్ ఆఫీసులో తాడు లేకపోయింది.

బోయింగ్ కథ అందరికీ తెలిసిందే. 2018, 2019లో రెండు 737 మ్యాక్స్ విమానాలు కూలి 346 మంది చనిపోయారు. అమెరికా ప్రతినిధుల సభ కమిటీ 2020లో ఇచ్చిన నివేదిక ఆ కంపెనీలో దాచిపెట్టే సంస్కృతి ఉందని నేరుగా రాసింది. విమానాలు తయారయ్యే సియాటెల్ నుంచి హెడ్డాఫీసును 2001లోనే షికాగోకు తరలించారు. తప్పు చూసేవాడికీ సరిచేసేవాడికీ మధ్య దూరం అని నేనన్నది ఇక్కడ మైళ్లలో కూడా కొలవొచ్చు.

శ్రీసిటీ లాంటి చోట ఉన్న ఫ్యాక్టరీకి ఆ దూరం ఇంకా ఎక్కువ. హెడ్డాఫీసు ఒసాకాలోనో పారిస్‌లోనో ఉంటుంది. సత్యవేడు నుంచి వచ్చిన ఆపరేటర్ చూసిన లోపం అక్కడిదాకా వెళ్లాలంటే లైన్ లీడర్, షిఫ్ట్ ఇన్‌చార్జ్, ప్లాంట్ హెడ్, ఇండియా ఆఫీసు, ఆసియా ఆఫీసు దాటాలి. ప్రతి గడప దగ్గరా ఎవరో ఒకరు దాన్ని కాస్త మెత్తగా చేస్తారు. ఆపరేటర్ "విరిగింది" అన్నది పైకి చేరేసరికి "మెరుగుపరచాల్సిన అవకాశం" అవుతుంది. ఎంత ఆటోమేషన్ పెట్టారన్నదానికంటే ఈ గడపల్ని ఎంత తగ్గించారన్నదే నాకు ముఖ్యం.

దీంట్లో మన దేశపు చిక్కు ఒకటుంది, దాన్ని ఎవరూ కాన్ఫరెన్సుల్లో మాట్లాడరు. ఇండియాలో సంఘటిత ఫ్యాక్టరీల పనివాళ్లలో దాదాపు 40 శాతం కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లే. ఏడెనిమిది నెలలకు మారిపోయే మనిషికి దిట్టం ఎవరు నేర్పుతారు? నేర్పినా, రేపు గేటు పాసు రద్దయితే అడిగే దిక్కు లేని అమ్మాయి ఏ ధైర్యంతో బటన్ నొక్కుతుంది? లైన్ ఆపే హక్కు గోడమీద రాసి, ఆపేవాళ్లను కాంట్రాక్టరు చేతిలో పెడితే ఆ రాత రంగుకు పెట్టిన ఖర్చే. కూలి ఖర్చులో మిగిల్చినదాన్ని కంపెనీ రీవర్కులో, కొత్తవాళ్ల ట్రైనింగులో తిరిగి పోగొట్టుకుంటుంది. ఆ రెండు పద్దులూ వేరువేరు మేనేజర్ల కింద ఉంటాయి కాబట్టి ఎవరికీ నొప్పి తెలియదు.

ఇవన్నీ మనకు చేతకానివని అనుకోనక్కర్లేదు. చెన్నై పాడిలోని సుందరం క్లేటన్ బ్రేకుల విభాగం 1998లోనే నాణ్యతకు జపాన్ వాళ్లిచ్చే డెమింగ్ ప్రైజ్ తెచ్చుకుంది. కరకంబాడిలో 1985లో మొదలైన అమర రాజా తర్వాతి కాలంలో అమెరికా కంపెనీ జాన్సన్ కంట్రోల్స్‌తో ఇరవై ఏళ్లకు పైగా జతకట్టి, విడిపోయాక కూడా సొంతంగా నడుస్తోంది. శ్రీసిటీ ఆల్‌స్టామ్‌లో తయారైన 22 రైళ్లు 2019 నుంచి సిడ్నీ మెట్రోలో డ్రైవర్ లేకుండా తిరుగుతున్నాయి. కెనడాలోని మాంట్రియల్ ఆర్‌ఈఎం మెట్రో రైళ్లూ ఇక్కడివే. అంటే దిట్టం అక్కడి నుంచి ఇక్కడికి రాగలదు, అందులో అనుమానం లేదు.

ఎదురు దిశలో వెళ్తుందా అన్నదే ఇంకా చూడాల్సింది. ఒక ఫ్యాక్టరీలో దొరికిన మెరుగుదలను మిగతా ఫ్యాక్టరీలన్నిటికీ పాకించడాన్ని జపాన్ వాళ్లు యోకొటెన్ అంటారు. వరదయ్యపాళెం కుర్రాడు పార్టును పట్టి ఉంచే ఒక ఫిక్చర్‌కు చిన్న స్టాపర్ పెట్టి అది తిరగబడకుండా చేశాడనుకుందాం. సాధారణంగా ఏం జరుగుతుంది? కైజెన్ (చిన్న చిన్న మెరుగుదలల) అవార్డు కింద ఒక టిఫిన్ క్యారియర్, నోటీస్ బోర్డులో ఫొటో. నిజంగా బాగా నడిచే కంపెనీలో ఆ స్టాపర్ డ్రాయింగ్ నంబర్‌తో సహా థాయ్‌లాండ్ ఫ్యాక్టరీలోనూ, హెడ్డాఫీసు పక్కనున్న ఫ్యాక్టరీలోనూ ఆరు నెలల్లో కనబడాలి. ప్లాంట్ హెడ్ ఎవరైనా మీకు తారసపడితే, ఈ ఏడాది ఇక్కడి నుంచి బయటి దేశానికి వెళ్లిన అలాంటి మార్పు ఒక్కటి చెప్పండి సార్ అని అడిగి చూడండి.